నల్లబడని వెండి రూపాయి

అడవి పుట్టగొడుగుల మందు గుణాల మీద చిన్న పుస్తకం రాద్దామని బయలుదేరాను. చిత్తూరులో రసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్ని. చెదపుట్టల మీద మొలిచే తెల్ల గొడుగుల్లో మాంసకృత్తులు, పీచు, ఒంట్లో వాపు తగ్గించగల పదార్థాలు ఉన్నాయని చదివాను. మా వీధిలో లుంగీలు అమ్మే అతని చుట్టాలు గుడియాత్తంలో నేతవాళ్లు. ఎండబెట్టినవి ఇస్తామన్నారు.

ఉదయం ఏడింటికి వేలూరు బస్సెక్కాను. వేలూరు బస్టాండులో తిన్న పొంగల్లో మిరియాలే తప్ప రుచి లేదు. గుడియాత్తం బస్సులో పక్కనున్న పెద్దాయన నా పని విని నవ్వాడు. "నోట్లో ఏసుకునేదాన్ని గాజుబుడ్డిలో ఏసేదెందుకు తల్లీ?"

పదిన్నరకు ఆ నేతవాళ్ల ఇల్లు చేరేసరికి కోడలు ధనలక్ష్మి మగ్గం దగ్గర ఉంది. ముఖం పీక్కుపోయింది. ఆమె అత్త మునెమ్మ చేటలో ఎండు పుట్టగొడుగులు తెచ్చింది.

"నీకని ఎత్తిపెట్టినాం. మొన్న కృత్తికకు నేను ఒక్కపొద్దు. కొడుకు ఆంబూరులో ఉండాడు. కోడలొకతే వీటి కూర తినింది."

ఒకటి తీసి చూశాను. చెదపుట్ట గొడుగు కాడ వేరులా సాగి పుట్టలోకి దిగుతుంది. వీటికది లేదు. కాడ చుట్టూ పావడాలాంటి పొర, అడుగున ఉబ్బెత్తు గిన్నె. ఇవి మనిషిని చంపే జాతి గుర్తులు.

"తిన్నాక ఏమైంది?"

"తెల్లారుజామున ఒకటే వాంతులు. నిన్న సాయంత్రానికి నిలిచిపోయినాయి. ఇప్పుడు బాగుండానక్కా," అంది ధనలక్ష్మి.

ఆ బాగుండడమే నాకు భయం. ఈ విషం రాత్రంతా ఊరుకుంటుంది, తర్వాత కడుపు కదుపుతుంది, ఆపైన నెమ్మదించినట్టు కనిపిస్తుంది. నెమ్మదించిన ఆ పూటే లోపల కాలేయాన్ని చంపుతుంటుంది. ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు.

వెంటనే వేలూరు ఆసుపత్రికి పోదామన్నాను.

"పడుగు సగంలో ఉండాది. రేపు పోదాం," అంది ధనలక్ష్మి. మునెమ్మకు కోపమే వచ్చింది. లోపలికెళ్లి పాత వెండి రూపాయి తెచ్చింది. ఆ ఇంట్లో పుట్టగొడుగుల కూర ఉడికేటప్పుడు దాన్ని కుండలో వేస్తారు. నల్లబడితే కూర పారబోస్తారు.

"మా అత్త కాలం నించి ఇదే మాకు సాచ్చెం. చూడు, తెల్లగా ఉండాది. డాక్టరుకు చూపించు."

ఈ విషం వెండికి చిక్కదమ్మా అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది. చూపిస్తానని మాటిస్తేనే కోడల్ని పంపింది.

ఆటోలో పళ్లికొండ దాటాక ధనలక్ష్మి, "నోరు చేదుగా ఉండాదక్కా," అంది. ఎండ వెలుగులో ఆమె కళ్లు పచ్చగా కనిపించాయి.

ఆసుపత్రిలో డాక్టరు నేను తెచ్చిన పుట్టగొడుగుల పొట్లం విప్పి చూసి, వెంటనే లోపలికి తీసుకెళ్లమన్నాడు. రూపాయి కూడా చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేశాడు.

ఎదురుగా లాడ్జిలో దిగాను. ఆమె భర్త గోవిందు ఆంబూరు నుంచి వచ్చాడు. రెండో రోజుకు ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. పడుగు సగంలో ఉండాదన్న ఆ గొంతు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అంబులెన్సు ఎక్కుతూ గోవిందు అడిగాడు. "ఆ రూపాయి ఇయ్యక్కా. అమ్మ అడగతా ఉండాది. అది తెల్లగానే ఉండాది గదా, కోడలికి ఇంకేదో రోగం అంటా ఉండాది."

సాయంత్రం చిత్తూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నా దారిన పుట్టగొడుగుల కోసం వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట. వీటిలో మందూ ఉంది, చావూ ఉంది. పేరు తెలియనిది పొయ్యి దాకా రానివ్వకండి. పుస్తకం రాస్తే ముందు ఈ మాటే రాస్తాను.

కాట్పాడి దాటాక పర్సు తెరిచాను. రూపాయి అందులోనే ఉంది, ఒక్క మచ్చ లేకుండా. ఎక్కడో పడిపోయిందని గోవిందుకు అబద్ధం చెప్పాను. ఇస్తే వచ్చే వానలకు మునెమ్మ దాన్ని మళ్లీ కుండలో వేస్తుంది.