మా ఇంట్లో బీపీ ఎవరికి?

మా ఆవిడకు బీపీ ఉందని నిరూపించబోయి నేను బోల్తాపడిన కథ ఇది. మీరూ నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఊరు సాలూరంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పట్లో నేనొక లారీ ఆఫీసులో గుమస్తాని. డ్రైవరు ఫోనెత్తకపోయినా, సరుకు తడిసిందని షావుకారు నన్ను దులిపేసినా "అలాగేనండీ" అనే రకం. మా వైపు బీపీ అంటే కోపమే. "నాకు బీపీ తెప్పించకు" అని పలకపట్టని పిల్లలు కూడా అంటారు. ఆ లెక్కన నా దగ్గర బీపీ ఎక్కడుంటుంది చెప్పండి? మా ఆవిడ గౌరి సంగతి వేరు. పాలలో నీళ్లెక్కువైతే ఆమె గొంతు మూడు వీధుల అవతలకి వినబడేది.

"గౌరీ, నీకు బీపీ ఉన్నాది" అన్నాను ఒకరోజు, కొత్త బీపీ మిషన్ తెచ్చి.

"నాకేటి బావా! నా కోపం ఇలాగొస్తాది, అలాగెల్లిపోతాది."

పట్టీ కట్టాను. నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు.

"మిషన్ పాడైపోనాది" అన్నాను.

"అయితే నీ సేతికి కట్టి సూడు."

కట్టాను. నూట డెబ్బై, నూట నాలుగు. నా మొహం వెలిగిపోయింది. "సూసినావా? పాడైపోనాదని నాను సెప్పనేదా!"

మిషన్ చంకలో పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన తన మిషన్‌తో చూస్తే నాకు అంతా బాగానే ఉంది. నా మిషన్‌తో చూశారు. అదీ అంతే చెప్పింది.

"మిషన్ మంచిదేనండీ. కొందరి బీపీ నా దగ్గరకొచ్చేసరికి దాక్కుంటుంది. వారం రోజులు ఇంట్లో, ఆఫీసులో చూసి రాసుకురండి."

రాశాను. ఆఫీసులో అయితే నా నోరు "అలాగేనండీ" అంటోంది, అంకె నూట డెబ్బై అంటోంది. డాక్టరు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు.

ఆ కాగితం చూసి గౌరి నోరు మూతపడింది. రెండు రోజులు ఇంట్లో అరుపే లేదు. నాకు బీపీ కన్నా అదే ఎక్కువ భయం వేసింది.

"ఏటే, మాటాడవేటి?"

"నువ్వు కిమ్మనకపోతే నీకే బాధా నేదనుకున్నాను బావా. ఇన్నేళ్లూ పక్కనే ఉండి సూసుకోనేకపోనాను" అని ఏడ్చేసింది.

ఇలాంటి మనిషికా రోగం అంటగట్టబోయాను అని నాకు సిగ్గేసింది. ప్రేమా ముంచుకొచ్చింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గౌరి ప్రశ్న ఒకటి తప్పదు: "ఇయ్యాల నిన్నెవుడేటన్నాడో సెప్పు." నేను చెబుతాను. వాళ్లను నేను తిట్టలేని తిట్లన్నీ తను తిడుతుంది. నాకు హాయిగా ఉంటుంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గొంతు విని ఎవరికీ బీపీ ఉందనను. నా బదులు అరిచే గొంతునైతే అసలేమీ అనను.