గొంగడి తీసి కూర్చోమన్న మనిషి

మట్టెవాడలో మా నాన్న బెల్లం దుకాణంలో కాంటా పట్టిన మనిషి గురించి బజారులో ఒక మాట ఉండిపోయింది. మేడారం మొక్కులవాళ్లను తన మతంలోకి లాగబోయి, పట్టుబడి, తనంతట తనే వెళ్లిపోయాడని. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

అతను క్రైస్తవుడు. ధర్మసాగర్ వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. అవి డెబ్బైల చివరి సంవత్సరాలు, నాకు ఇరవై రెండేళ్లు. జాతర ముందు దుకాణంలో ఊపిరాడేది కాదు. మొక్కుకున్న మనిషిని పెద్ద కాంటాలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు అంత బరువు బెల్లం పెట్టాలి. అమ్మవార్లకు ఇచ్చే ఆ బెల్లాన్నే బంగారం అంటారు. జనం గొంగడి కప్పుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కేవారు. మేము చూడనట్టే ఉండేవాళ్లం. బరువు పెరిగితే బెల్లం ఎక్కువ పోతుంది కదా.

అతను ఊరుకునేవాడు కాదు. "అవ్వా, జర గొంగడి తీసి కూసో. మొక్కింది నువ్వు, గొంగడి గాదు" అనేవాడు. జనం నవ్వుతూ తీసేవారు.

నాకు అనుమానం మొదలైంది. మన దేవతలను మొక్కనివాడికి మన మొక్కు సరిగ్గా తూగితే ఏమిటి, తూగకపోతే ఏమిటి? ఆ రోజుల్లో చెప్పులు బయటే విడిచేవాడు, చేతులు కడుక్కుని గానీ బెల్లం ముట్టేవాడు కాదు. జబ్బుపడ్డ పిల్లలను కాంటా ఎక్కించినప్పుడు అతని పెదవులు కదిలేవి. మెల్లగా మంచి చేసుకుని ఏదో ఒకరోజు వల వేస్తాడనుకున్నాను. వారం రోజులు పక్కనే కాపు కాశాను. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి ఎంత జాగ్రత్తపరుడో అనిపించింది.

చివరికి, ఒక తల్లి జబ్బుపడ్డ పసిపిల్లను కాంటా ఎక్కించి వెళ్లిన రోజు, పెదవుల సంగతి కూడా కలిపి నాన్నతో అన్నాను. "ఆ పసిపిల్ల తల్లిని చర్చికి రమ్మన్నడు. నా చెవులార విన్న."

వినలేదు.

నాన్న అతన్ని పిలిచాడు. "రమ్మన్నవా?"

"లేదు సేటు."

"మరి ఆ పెదవులు కదులుడేంది?"

"పిల్ల బాగుపడాలని ప్రార్థన చేసిన. అది నిజమే."

"మా బంగారం మీదనా?"

"పిల్ల కోసం, సేటు. నోరు మూసుకోమంటే మూసుకుంట. మనసుల అనుకునుడు ఎట్ల ఆపుకోవాలె?"

తూకం రాళ్లు లెక్కపెట్టుకుంటున్నానని అంటే చాలు, నాన్న నమ్మేవాడు, కొలువు నిలిచేది. అతను అనలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు నాన్న. సైకిల్ తీసుకుంటూ అతను నాతో ఒక్క మాటే అన్నాడు. "చిన్న సేటూ, ఆ తల్లి పేరు మాత్రం బజార్ల పెట్టకుండ్రి. ఆమె జాతరకు పోవాలె."

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. కాంటా దగ్గర నేను. అదే తల్లి, ఇప్పుడు నడుస్తున్న పిల్లతో వచ్చింది. నేను చెప్పకముందే తనే పిల్లకు స్వెటర్, చెప్పులు విప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు గొంగళ్లు మడిచి చంకన పెట్టుకుంటున్నారు.

"ఆ అన్న ఏడి, మంచిగున్నడా?" అని అడిగింది.

"ఆయనే మానేసిండు. మంచిగనే ఉన్నడు" అన్నాను.

అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు. కాంటా ముల్లు నడిమికి వచ్చి ఆగేదాకా నేను ఆమె వైపు చూడలేదు.