పేరు లేని మెయిళ్ల డబ్బా

ఇన్నేళ్లుగా ఛాతీ మీద మాజ్రి గనంత బొగ్గు మోస్తున్న. గోరంతను కొండంత చేసే మనిషినని నాకు పేరుంది. ఇది మాత్రం పెంచి చెప్తలేను. మీకే చెప్తున్న, వినుండ్రి.

చంద్రపూర్‌లో ఇంటర్నెట్ దుకాణాలు కొత్తగా తెరుస్తున్న రోజులు. మా దుకాణంలో మూడు కంప్యూటర్లు; నేను ముప్పై అని చెప్పుకునేవాణ్ణి. గని కార్మికులకు తలా ఒక ఈమెయిల్ అడ్రసు ఎక్కడిది? అందరికీ ఒకటే అడ్రసు పెట్టిన. వచ్చిన మెయిలుకు పైన, సబ్జెక్టులో, ఎవరి పేరుంటే వాళ్ల పేజీలో పడేటట్టు ఒక వెబ్ ప్రోగ్రాం రాసిన. పేరు లేనివన్నీ ఒక డబ్బాలో పడేవి. అది చెత్తనుకున్న. తెరిచి చూడలే. "గని సైరనన్నా తప్పుతది గాని నా ప్రోగ్రాం తప్పదు" అని ఊరంతా డప్పు కొట్టిన.

మాజ్రి గనిలో పనిచేసే రాజన్నతో కొట్లాడి, అతని భార్య హైదరాబాద్‌లో తమ్ముడింటికి పోయింది. రాజన్న మా అడ్రసు ఆమెకు పంపిండు. డ్యూటీ దిగి, మొహాన బొగ్గుతోనే వచ్చేవాడు.

"వచ్చిందా సార్?"

"మీ ఆమె అలిగిందని మా కంప్యూటర్ గూడ అలిగింది రాజన్నా!"

"నవ్వకుండ్రి సార్. రాస్తనన్నది. ఇంకోసారి చూడుండ్రి."

"ప్రోగ్రాం అబద్ధమాడదయ్యా. రాయలేదంటే రాయలేదు."

తలూపి పోయిండు. మళ్లా రాలే.

కొన్నాళ్లకు డబ్బా నిండి ప్రోగ్రాం ఆగిపోతే తెరిచిన. ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్టు తమ్ముడు కొట్టిండు. సబ్జెక్టులో "మా ఇంటాయనకు". లోపల: "ఆదివారం బండికి వస్తున్న. మీరు స్టేషన్‌కు వస్తే ఇంటికొస్త. రాకుంటే నేను మీకొద్దనుకొని మర్లిపోత."

ఆ ఆదివారం ఎప్పుడో దాటింది.

మొగుని పేరు ఆమె ఎట్ల చెప్తది? మా అమ్మ ఎన్నడన్నా నాయిన పేరు పలికిందా? మా ఇంటామె నన్ను పేరు పెట్టి పిలిచిందా? ఇవన్నీ చూసుకుంట పెరిగినోణ్ణి, ఆడవాళ్లు దాటలేని గడప ఒకటి ప్రోగ్రాంలో కట్టి, దానికి నేనే కావలి కూర్చున్న.

మాజ్రికి పోయి చెప్పొచ్చు. చెప్పలే. అతని కాపురం కంటె నా డప్పు ముద్దయ్యిందా? అయ్యింది. మెయిలు చెరిపేసిన.

రాజన్న ఆమెను మళ్లా తెచ్చుకోలే. "రెండు ముక్కలు రాయబుద్ధి గూడ కాలేదు దానికి" అని చెప్పుకుంట తిరిగిండట.

ఇప్పటికీ వంటింట్ల నుంచి "ఇగో, మిమ్మల్నే" అని పిలుపొస్తే ఉలిక్కిపడుత. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. కానీ ఇన్నాళ్లు దాచిన మాట ఇయ్యాల బయట పడ్డది.

ఆమె రాసింది.