మూడో గేరులో ఎక్కిన మిట్ట

నన్ను ఎత్తని మనిషి మా వనపర్తిలో తక్కువ. బస్టాండులో కండక్టర్లు ఎత్తారు, డ్రైవర్లు ఎత్తారు, పల్లికాయ బస్తాలు దించే హమాలీలు ఎత్తారు. ఒకసారి పెళ్లికి పోతున్న బ్యాండువాళ్లు డప్పులు కింద పెట్టి మరీ ఎత్తారు. చిన్నప్పుడే పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. ఇంట్లో నేల మీద చేతులతో జరుగుతాను. బయట ఇనుప పట్టీలు కట్టుకొని, చంకకర్రలతో నాలుగడుగులు వేస్తాను. ఆత్మకూరు బడిలో టీచరు ఉద్యోగం వచ్చాక రోజూ బస్సెక్కాల్సి వచ్చింది. ఆ బస్సు మొదటి మెట్టు ఇంచుమించు నా నడుం ఎత్తు ఉండేది.

ఎత్తేవాళ్లంతా మంచివాళ్లే, అదే నా ఖర్మ. చెడ్డవాళ్లయితే తిట్టి పంపేదాన్ని. "జర పట్టుండ్రి, టీచరమ్మను ఎక్కియ్యాలె" అని ఎవరో ఒకరు కేకేసేవారు. ఇక ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో నా చేతిలో ఉండేది కాదు. బడికి చేరేసరికి కుచ్చిళ్లు చెదిరి, పిన్నులు ఊడి, ఒళ్లంతా మంటగా ఉండేది. పొద్దున బస్టాండులో వాళ్లందరికీ ముందుండి ఎక్కించేది మా అన్న. సాయంత్రం కిరాణా కొట్టు మూసుకొని వచ్చి దించుకునేదీ అతనే. "నేనుండంగ నీకేంది పరేషాన్?" అనేవాడు. అతను ఉండటమే నా పరేషాన్ అని ఏ నోటితో చెప్పను?

పక్క చక్రాల స్కూటరు ఒకటి కొన్నాను. దాని మీదికి కూడా అన్నే ఎక్కించాలి. గుంతల్లో అది పక్కకు ఒరిగినప్పుడల్లా ఊరు ఊరంతా వచ్చి నన్ను ఎత్తేది. దాన్ని బాగు చేయించడానికి ట్రాక్టర్ల మెకానిక్ చాచా దగ్గరికి పోయినప్పుడే ఆ కారు కనబడింది.

ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు పొడుగాటి ముక్కు. గద్వాలలో ఒక బంగళా వెనక షెడ్డు కూలగొడుతుంటే దొరికిందట. చాచా దాన్ని ట్రాక్టరుకు కట్టి, కృష్ణ మీది వంతెన దాటించి లాక్కొచ్చాడు. అది నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, చూసినవాళ్లంతా "గిది కారా, పశువుల తొట్టా?" అని నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. కర్రలు పక్కన పెట్టి, నేల మీదికి దిగి, జరుగుతూ పోయి తలుపు తీశాను. రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపున సీట్లో పడ్డాను. పుట్టి ముప్పై ఏళ్లకు, నా అంతట నేను ఎక్కిన మొదటి బండి అది. సంతోషం పట్టలేక స్టీరింగు పట్టుకొని కేక పెట్టాను.

"చాచా, ఇది నాకియ్యి."

"ఇంజన్ సగం సచ్చింది, బేటీ."

"నా కాళ్లు మొత్తం సచ్చినయ్. మా ఇద్దరికి కుదురుతది."

సంగతి ఊళ్లో తెలిసింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతదంట" అని నాకు వినబడేలాగే అన్నారు. ఉట్టిని అంత ఎత్తున కట్టింది ఎవరో ముందు చెప్పమన్నాను. 

చాచా కాళ్ల పనులన్నీ చేతులకు తెచ్చాడు. ఎడమ చేతికి ఒక ఇనుప కర్ర పెట్టాడు. లాగితే వేగం, నెడితే బ్రేకు. అదే ఎడమ వైపు ఉన్న గేరు కర్రకు మోటారుసైకిలు క్లచ్చు పిడి బిగించాడు. కుడి చెయ్యి స్టీరింగుకు. అయితే ట్రాక్టర్లకు అలవాటుపడ్డ చెయ్యి కదా, వేగం కర్రను కూడా ట్రాక్టరులో లాగే పెట్టాడు. ఎక్కడ లాగితే అక్కడే నిలిచిపోతుంది, వదిలినా వెనక్కి రాదు. దుక్కి దున్నడానికి అది బంగారం లాంటి ఏర్పాటు. నేను మాత్రం కర్ర వదిలేసి, కారు దానంతటదే ఆగుతుందని నిమ్మళంగా కూర్చున్నాను. అది సరాసరి పోయి ఎండబోసిన పల్లికాయ కుప్పలో దూరింది. కుప్ప ఆసామి నన్నూ చాచానూ కలిపి తిట్టాడు. మర్నాడు కర్రకు స్ప్రింగు వచ్చింది.

మైదానంలో నేర్చుకొని, లైసెన్సు కూడా తెచ్చుకొని, ఒకనాడు ఆత్మకూరు దారి పట్టాను. దారిలో ఒక మిట్ట ఉంది. అక్కడ పాత ఇంజన్ రొప్పడం మొదలుపెట్టింది. గేరు తగ్గించాలంటే ఎడమ చెయ్యి వేగం కర్రను వదలాలి. వదలగానే కారు చతికిలబడింది, వెనక్కి జారింది. బ్రేకు నెట్టి ఎలాగో ఆపాను. వెనకే బస్సు వస్తోంది. బస్సులోంచి దిగినవాళ్లు కారును ముట్టుకోలేదు, ముందు నన్ను ఎత్తారు. తీసుకుపోయి రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చోబెట్టారు. నాకు దెబ్బ తగల్లేదు. దిగుతానని నేను అనలేదు. నన్నెవరూ అడగనూ లేదు. కోపంతో ఏడ్చాను, అందరూ భయపడి ఏడుస్తున్నాననుకొని నీళ్లు తాగించారు.

"ఇగ చాలు, చెల్లె" అన్నాడు ఆ రాత్రి అన్న. "నువ్వు ఇంట్ల కూసున్నా సాకుత. రోడ్డు మీద సస్తనంటే మాత్రం ఊకోను."

చాచా బానెట్టు తెరిచి చాలాసేపు చూశాడు. "తప్పు నాదే, బేటీ. ముసలిదానితోని బరువు మోపిచ్చిన. నీకు చేతులు రెండే ఉన్నయ్. మూడో చెయ్యి ఇంజన్ల పెడ్త" అన్నాడు. నాగర్‌కర్నూల్ దగ్గర బోల్తాపడిన ఒక కాంటెస్సా కారు ఇంజన్ పట్టుకొచ్చాడు. పాతదానికంటే చాలా బలమైనది. బలం ఉంటే మిట్ట మీద గేరు మార్చే పనే ఉండదని అతని లెక్క.

ఆ ఇంజన్ గొలుసుకు వేలాడుతున్న రోజే అన్న ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. హైదరాబాదులో పాత కార్లు పోగేసే ఆయన. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆయన కారు చుట్టూ తిరిగి, పసిపిల్లను తడిమినట్టు తడిమాడు.

"దీన్ని పాడు చేయకండి మేడమ్. అసలు ఇంజన్ ఉంటేనే దీనికి విలువ. వేరేది పెడితే ఇది ఇక ఈ కారే కాదు. నాకివ్వండి, మీకు కొత్త కారు కొనిస్తాను, డ్రైవరును కూడా పెడతాను."

అన్న ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నేల మీదే కూర్చుని ఉన్నాను, అక్కడి నుంచే చెప్పాను.

"సార్, నా కాళ్లు గుడ అసలువే. పుట్టినప్పటియే. వీటిని ఏం జేసుకోవాల్నో చెప్పుండ్రి."

ఆయన కారు మీది చెయ్యి తీసేశాడు.

"ఇగ డ్రైవరంటరా? ఎత్తేటోళ్లు నాకు మస్తుమంది ఉన్నరు."

ఆయన వెనకే అన్న కూడా విసవిసా వెళ్లిపోయాడు. కొత్త ఇంజన్ పెద్దదై బానెట్టు మూతపడకపోతే, చాచా దాన్ని కోసి, ట్రాక్టరు మడ్‌గార్డు రేకు కొట్టి మూపురంలా అతికించాడు. అందం పోయిందన్నారు. పోతే పోయింది, నేనేమన్నా అందాల పోటీకి పోతున్నానా?

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు బయల్దేరాను. వద్దన్నా వినకుండా అన్న మోటారుసైకిలు మీద వెనకే వచ్చాడు. మిట్ట ఎదురైంది. మూడో గేరులోనే ఉన్నాను. ఎడమ చెయ్యి కర్ర మీదే ఉంచి కొంచెం లాగాను. ఇంజన్ గొంతు ఒక్క క్షణం బరువెక్కి, సర్దుకొని, నన్ను లాక్కుపోయింది. నన్ను కూర్చోబెట్టిన రాయి పక్కనుంచి పోతూ దాన్ని నోరారా తిట్టాను. మిట్ట దాటాక అద్దంలో చూస్తే అన్న కనబడలేదు, అంత వెనకబడ్డాడు.

బడి దగ్గర హెడ్మాస్టరు అలవాటు కొద్దీ అటెండరును పిలిచాడు. "ఎవ్వరు ముట్టొద్దు" అన్నాను. తలుపు తీసి నేల మీదికి దిగి, పక్కకు జరిగి, కర్రలు అందుకొని లేచాను. చీరకు మట్టి అంటింది. దులుపుకొని క్లాసులోకి పోయాను.

హాజరు పిలుస్తుండగా అన్న కిటికీ దగ్గరికి వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"ఎవరు దించిండ్రు?"

"ఎవ్వరు దించలె."

తల తిప్పి కారు వైపు చూశాడు. మళ్లీ నా వైపు తిరిగి, రోజూ అడిగే మాటే అడిగాడు.

"సాయంత్రం ఎన్నింటికి రావాలె?"

పిల్లలంతా చూస్తున్నారు. చిన్నప్పటి నుంచి నన్ను మోసిన మనిషి. అతని మీద నాకున్నంత ప్రేమ ఇంకెవరి మీదా లేదు. నేను అనబోయే మాట అతనికి ఎంత నొప్పి కలిగిస్తుందో కూడా తెలుసు. తెలిసే అన్నాను.

"రావొద్దు, అన్నా."