పిలిస్తే నడిచిన ఫైలు

వానాకాలంలో మా విశాఖ ఆఫీసులో ఏ బీరువా తెరిచినా బూజు వాసన. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం పాడేరులోని ఒక కంప్యూటర్ సెంటరు, కిటికీలోంచి గదిలోకి వచ్చేసే మంచు, రేకు పెట్టెలో తెల్లగా బూజు పట్టిన ఫ్లాపీలు, వాటి మీద నీలి సిరాతో భీమన్న మాస్టారి చేతిరాత గుర్తొస్తాయి. రెండువేల దశకం తొలి సంవత్సరాలవి. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే. "ఏ ఫైలు తెరిసినా ముందు దాని పక్కనున్న తేదీ సూడు గుంటా" అన్నది మొదటి రోజు పాఠం.

మాస్టారిది ముంచింగిపుట్టు దగ్గర కొండ మీది ఊరు. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. తల్లికి తెలిసిన మాటల్లో సగం ఊళ్లో పిల్లలకు తెలియవని ఆయనకు బెంగ. దుంపల పేర్లు, వానల్లో రకాలు, విత్తనం చల్లేటప్పుడు మాత్రమే అనే మాటలు. సంత రోజున జీపెక్కి వెళ్లి, ఆవిడ పక్కన కూర్చుని నోటు పుస్తకాల్లో రాసుకొచ్చేవారు. ఆ పుస్తకాలను చెదలు తినేశాయి. అప్పటికే అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించారు కాబట్టి బతికిపోయాం అనుకున్నాం. "కంప్యూటర్ని సెదలు తినవులే" అని ఆయన నవ్వారు.

ఆ మాటలను జాబితాగా పేర్చడానికి ఆయన పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ఫైలు రాసుకున్నారు. నడిపితే అది ముందు పాత జాబితాను తుడిచేస్తుంది, తర్వాత ఫ్లాపీలు చదివి, అక్షరక్రమంలో కొత్త జాబితా రాస్తుంది. ఒకరోజు ఊళ్లోని హాస్టలు వాళ్లు తమ పిల్లల పేర్లు అక్షరక్రమంలో కావాలన్నారు. మాస్టారు ఊళ్లో లేరు. క్రమంలో పెట్టే ముక్క ఆయన ఫైలులో ఉండగా మళ్లీ రాయడం దేనికని, నా ఫైలులోంచి దాన్ని పిలిచాను. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. కానీ ఆ భాషలో ఒక ఫైలు ఇంకో ఫైలును పిలిస్తే, పిలిచిన పాపానికి అది పైనుంచి కిందిదాకా నడుస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు. ఫ్లాపీ లేని డ్రైవు గుర్రుమంది. మాస్టారి జాబితా తెరిచి చూస్తే ఒక్క మాట లేదు.

పెట్టెలోని ఫ్లాపీలన్నీ పెట్టి చూశాను. బూజుకి ఒక్కటీ తెరుచుకోలేదు. మాస్టారు తిరిగి రాగానే చెప్పాల్సింది. చెప్పలేదు. భయం, సిగ్గు, ఏదో దారి దొరక్కపోతుందా అన్న ఆశ. ఆయనా శిక్షణ తరగతుల హడావిడిలో జాబితా జోలికి రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పది రోజులు గడిపేశాను. పదకొండో రోజున ఆయన తల్లి జ్వరంతో పోయిందని కబురొచ్చింది.

దినం అయ్యాక వచ్చి, ఆయన నా పక్కకి కుర్చీ లాక్కున్నారు.

"మాయమ్మ మాటలు ఓపాలి తెరు గుంటా. సూడాలనుంది."

తెరిచాను. జాబితాలో ఒక్క మాటా లేదు. ఏం చేశానో ఏడుస్తూ చెప్పాను. ఎప్పుడు చేశానో చెప్పలేదు.

ఆయన తెర మీదికి వంగి చూశారు. తర్వాత కీబోర్డు తన వైపు జరుపుకుని తన ఫైలు తెరిచారు. "తప్పు నాది. ఎవులు పిలిసినా పని మొదలెట్టీసేలాగ రాసీసినాను. ఇలాగ సూడు." తుడిచే పని, రాసే పని అంతా ఫైలు చివరికి దించి, దాని మీద ఒక షరతు పెట్టారు. ఫైలును నేరుగా నడిపితేనే ఆ పని జరగాలి, వేరే ఫైలు పిలిస్తే అడిగిన ముక్క ఇచ్చి ఊరుకోవాలి. "ఇకమీదట ఇది నేకుండా ఏ ఫైలూ ఒగ్గీకు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ జాబితా ఊసెత్తలేదు. కొన్నేళ్లకు ఆయనా పోయారు.

నా దగ్గర పనిచేసే పిల్లలు ఆ షరతు మరిచిపోతే నేను ఊరుకోను. ఒక్క లైనుకి ఇంత రభసా అని చాటున నవ్వుకుంటారు. తప్పు జరిగిన రోజే చెప్పమని కూడా అంటాను, ఎందుకో మాత్రం చెప్పను. ఆ పది రోజుల్లో ఏ ఒక్కరోజు నోరు విప్పినా ఆయన జీపెక్కి తల్లి దగ్గరకు వెళ్లేవారు. కొన్ని మాటలైనా మిగిలేవి. నేను పది రోజులు దాచిన సంగతి తెలియకుండానే ఆయన పోయారని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆ రోజు తెర మీద, ఖాళీ జాబితా పేరు పక్కనే, అది ఖాళీ అయిన తేదీ ఉంది. తేదీ చూడకుండా మాస్టారు ఏ ఫైలూ తెరిచేవారు కారు.