గొంగడికి అంటిన జీడి

వికారాబాద్ జిల్లా అయిన మరుసటి వానాకాలంలో కుల్కచర్ల వైపు ఒక సర్కారు ఆయుర్వేద డిస్పెన్సరీకి మెడికల్ ఆఫీసరుగా నాకు బదిలీ అయింది. ఉన్నది ఇద్దరమే, నేనూ కాంపౌండరూ. మందులు తక్కువ, తీరిక ఎక్కువ. తాండూరు అంగడి నుంచి నల్లజీడి గింజలు తెచ్చి శుద్ధి చేసేవాణ్ణి. మనం తినే జీడిపప్పు వేరు, ఇది వేరు. శుద్ధి చేస్తే కీళ్లనొప్పులకు మందు. పచ్చిగింజ నూనె ఒంటికి తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అందుకని ముచ్చిక కోసి, ఇటుకపొడితో గోనెసంచిలో వేసి, నూనెంతా పొడికి పట్టేదాకా రుద్దాలి. చేతులకు కొబ్బరినూనె పూసుకోనిదే గింజ ముట్టేవాణ్ణి కాదు. నా చాదస్తానికి కాంపౌండరు నవ్వుకునేవాడు.

ఒకరోజు బీరప్ప అనే గొర్రెలకాపరి తన కూతురు సుజాతను తీసుకొచ్చాడు. ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. మెడ మీద, చేతుల మీద బొబ్బలు. అమ్మతల్లి పోసిందనుకుని ఇంట్లో వేపాకుల మీద పడుకోబెట్టారట. ఆటలమ్మ అయితే వీపు మీద, పొట్ట మీద కూడా పొయ్యాలి. ఈ అమ్మాయికి రవిక కింద ఒక్క పొక్కూ లేదు. జీడేమోనని అనుమానం వచ్చి, గింజ ముట్టావా అని అడిగాను. లేదంది. నమ్మాను. పైపూత ఇచ్చి, కన్ను చూపించుకోమని వికారాబాద్ పంపాను. వాపు తగ్గితే గానీ ఏమీ చెప్పలేమన్నారట అక్కడ.

రెండు రోజులకు రెండో కన్నూ మూసుకుంది. బీరప్ప మళ్లీ తీసుకొచ్చాడు.

"బిడ్డ కండ్లు నిలుస్తయా సార్?" అని బీరప్ప చేతులు జోడించాడు. నాకూ భయం వేసింది. అప్పుడు కనిపించింది, అతని గోళ్ల సందుల్లో నలుపు. వానలకు గొర్రెల గిట్టలు పుండ్లయితే జీడినూనె పెడుతున్నాడట.

"నాకేం గాదు సార్. ముప్పై ఏండ్లసంది పెడుతున్న."

చేతులు దేనికి తుడుచుకుంటావని అడిగాను.

"గొంగడికి."

"ఏదా గొంగడి?"

"గదే సార్, బిడ్డ కప్పుకున్నది. వానలు పడ్డప్పటిసంది సలి పెడుతున్నదంటే గదే కప్పుతున్న."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం రెండుసార్లూ నా ముందు బల్ల మీదే కూర్చుంది. నేను బొబ్బలు చూశాను గానీ గొంగడి చూడలేదు. సిగ్గేసింది.

సుజాతను సబ్బుతో కడిగించి, కొబ్బరినూనె రాయించాం. వారం తిరిగేలోపు కళ్లు తెరిచింది, చూపు నిలిచింది. బీరప్ప ఆ గొంగడిని తగలబెడతానంటే ఆపాను. జీడి పొగ ఊపిరితిత్తులకు ఇంకా చేటు. సొంత గొర్రెల బొచ్చుతో నేయించుకున్న దాన్ని తనే గుంట తీసి పూడ్చాడు.

ముప్పై ఏళ్లు ఒకరికి ఏమీ కాలేదంటే అది ఆ మనిషి ఒంటి గుణం, గింజ గుణం కాదు. రిటైరయ్యేదాకా బొబ్బలతో వచ్చిన ప్రతివారి కేసులోనూ ఒక ప్రశ్న అదనంగా రాశాను: మీ ఇంట్లో ఎవరు ఏం ముట్టుకున్నారు, చేతులు ఎక్కడ తుడుచుకున్నారు?