కొండ మీద తీసిన దిష్టి

మా అమ్మాయిని తీసుకుని నేను రుస్తాఖ్ అవతలి కొండల్లోకి క్యాంపింగ్‌కి వెళ్లింది కొండల మీద ప్రేమతో కాదు, కుళ్లుతో. ఉన్నమాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

అప్పటికి దానికి ఏడేళ్లు. మేముండేది అరబ్బు దేశంలో. నాది ఖురంలో ఆఫీసు ఉద్యోగం. మా ఆయన డ్యూటీ ఎక్కడో ఎడారిలో సైట్ మీద; నెలకోసారి ఇంటికొచ్చేవారు. దార్సైట్‌లో మా ఫ్లాట్‌లోనే ఉండి పిల్లని చూసుకునేది రెండేళ్ల కిందట కడప నుంచి వచ్చిన ఒకామె. ఆంటీ అని పిలవమని నేను నేర్పితే, పిల్ల పెద్దమ్మా అని మొదలుపెట్టింది. ఆమె పెద్దమ్మయితే మరి నేనేమిటి, చిన్నమ్మనా? జ్వరం వస్తే పెద్దమ్మ కావాలి, అన్నం కలపాలంటే పెద్దమ్మ కావాలి. గోదావరి జిల్లా వాళ్ల పిల్ల, ఆఫీసుకి బయల్దేరుతున్న నన్ను పట్టుకుని "యాడికి పోతాండావు?" అని అడిగేది. ఒళ్లు మండిపోయేది.

ఆ నెలలో ఆమె ఈ దేశంలో ఉండటానికి కావలసిన రెసిడెంట్ కార్డు గడువు అయిపోతోంది. రెన్యువల్ చేయించకుండా ఊరికి పంపించేయాలని నిర్ణయించేసుకున్నాను. పిల్ల పెద్దదయింది, ఇక మనిషి అక్కర్లేదని మా ఆయనకి ఫోన్‌లో చెప్పాను కూడా. కానీ నేనొక్కదాన్నే దానికి చాలునని ముందు నాకే రుజువు కావాలి. ఈ ప్రయాణం అందుకే. తిరిగి రాగానే ఆమెకి విషయం చెప్పేద్దామనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ఒక స్నేహితురాలి పెద్ద బండి అడిగి తీసుకుని బయల్దేరాం. రుస్తాఖ్ దాటి తారు రోడ్డు వదిలాక అంతా రాయే. ఒకవైపు గోడలా కొండ, రెండోవైపు చూస్తే కళ్లు తిరిగే లోయ. నేను స్టీరింగ్ బిగపట్టుకుని దేవుళ్లందరినీ తలుచుకుంటుంటే, వెనక సీట్లోంచి నా కూతురు, పెద్దమ్మ ఇక్కడికొస్తే ఏం చూసి ఏమంటుందో వరసపెట్టి చెబుతోంది. నోరు మూసుకోమని ఒకసారి కసిరాను కూడా.

కొండల మధ్య కాస్త చదునుగా, నాలుగు తుమ్మచెట్లున్న చోట ఆగాం. వారం రోజులు వీడియోలు చూసి నేర్చుకున్న టెంటు విద్య అక్కడ పనికిరాలేదు. ఆ నేలలో మేకు దిగితే ఒట్టు. వేలు చితక్కొట్టుకుని నేను ఏడుపు మొహం పెడితే, తాళ్లని పెద్ద రాళ్లకి కట్టెయ్యమంది పిల్ల. డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి పోకుండా పెద్దమ్మ అలాగే కడుతుందట. కట్టాను. టెంటు నిలబడింది. నిలబడినందుకు కూడా నాకు మంటే.

మధ్యాహ్నం కింద వాగు నీళ్లలో ఆడుకున్నాం. ఒక గంటసేపు దాని నోట పెద్దమ్మ మాటే రాలేదు. గెలిచాననుకున్నాను. ఎవరి మీదో అడక్కండి.

పొద్దు వాలుతుండగా పుల్లలు ఏరి మంట వేశాను. పిల్ల తన బ్యాగులోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులో కల్లుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు. నన్ను కదలకుండా కూర్చోమని, గుప్పిట బిగించి నా తల చుట్టూ తిప్పుతూ, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. చివరికొచ్చేసరికి మాత్రం దాని గొంతు తగ్గింది.

"మా పెద్దమ్మ దిష్టి," అంది.

గుప్పిట్లోవన్నీ మంటలో వేసింది. ఉప్పు చిటపటలాడింది. ఆ మాట ఎందుకన్నావని అడిగాను.

"పెద్దమ్మే అనమనింది. మీ యమ్మ నిన్ను తీసుకోని పోతాంటే చూసి నాకు కుళ్లు పుట్టింది, నా కండ్లే పడింటాయి, తీసెయ్ అనింది. పెద్దమ్మ వాళ్ల పాపను ఒగ దినం గూడా ఇట్ల యాడికీ పిల్చుకోని పోలేదంట."

ఆమెకి ఊళ్లో ఒక కూతురుందని నాకు తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. రెండేళ్లుగా నేను లోపల దాచుకుని కుతకుతలాడుతున్న మాటని ఆమె ఏడేళ్ల పిల్లతో చెప్పేసి, పైగా విరుగుడు కూడా మూటకట్టి పంపింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ మంచితనం కూడా ఆమెకే ఉన్నందుకు మళ్లీ కుళ్లుకున్నాను.

శనివారం సాయంత్రం ఇల్లు చేరాం. తలుపు తీయగానే పిల్ల వెళ్లి ఆమె నడుముని చుట్టేసుకుంది. నేను చెప్పులైనా విప్పకుండా, కార్డు ఈ వారమే రెన్యువల్ చేయిస్తాననీ, అది చేతికి రాగానే నెల రోజులు ఊరెళ్లి కూతుర్ని చూసి రమ్మనీ, టికెట్ నేనే తీస్తాననీ గబగబా చెప్పేశాను. ఆమె తలూపింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా. నోరు ఊరుకోలేదు.

"నా దిష్టి కూడా నీ మీద ఉంది. రెండేళ్ల నుంచీ," అన్నాను.

ఆమె నా చేతిలో బ్యాగు అందుకుంది.

"తెలుసు మేడం. దినామూ తీసుకుంటానే ఉండా."